చీరల పుల్లమ్మ

మా అమ్మ పేరు పుల్లమ్మ. నవ్వేదేదో ఇప్పుడే నవ్వేయండి. సగం చదివాక నవ్వితే మాత్రం నేనూరుకోను. ఈ పేరు మీద నవ్వినవాళ్ళతో చిన్నప్పటి నుంచీ పోట్లాడీ పోట్లాడీ నాకు విసుగెత్తిపోయింది. అందులో నేను గెలిచింది ఒక్కటీ లేదు.

నా పేరు ఉమారాణి. తెనాలిలో ఒక ప్రైవేటు బళ్ళో సోషల్ చెబుతాను. ఏ రాజు ఏ ఊరిని ఎప్పుడు గెలిచాడో గడగడా చెప్పే నేను, మా అమ్మ పేరు సంగతి ఎత్తితే చాలు మాట మార్చేసేదాన్ని. ఇప్పుడు మార్చను.

మా అమ్మమ్మ నాంచారమ్మది రేపల్లె. ఆవిడకు అమ్మకంటే ముందు ముగ్గురు పిల్లలు పుట్టి, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. నాలుగోసారి అమ్మ పుట్టింది. ఆ వారంలోనే వీధిలో ఎవరిదో పెళ్ళి. భోజనాలయ్యాక పెరట్లో ఎంగిలి విస్తళ్ళు కుప్పగా పడున్నాయి. తిని పడేసిన విస్తరిని పాతవాళ్ళు పుల్లాకు అనేవాళ్ళు. పొత్తిళ్ళలోని పిల్లను తీసుకెళ్ళి ఆ పుల్లాకుల మీద ముమ్మారు దొర్లించారు. ఎంగిలిలో పడినదాన్ని యముడు ముట్టడని వాళ్ళ నమ్మకం.

తంతు అక్కడితో అయిపోదు. ఆ వీధిలోనే పుల్లమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడనూ పుట్టినప్పుడు అలాగే దొర్లిస్తే బతికి బట్టకట్టింది. అలా బతికినావిడే పిల్లను కుప్ప మీంచి ఎత్తాలి. ఆవిడ పిల్లను చేటలో వేసుకుని వీధి గుమ్మంలోకొచ్చి, "పిల్లనమ్ముతాం, కొంటారా?" అని కేకేసింది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి పేరుపెట్టి ముమ్మారు పిలవాలి. వరస పెట్టి పిలవకూడదు. అత్తా అన్నా వదినా అన్నా చుట్టరికం బయటపడి, పిల్ల ఆ ఇంటిదేనని యముడు కనిపెట్టేస్తాడట. నలుగురూ వినేట్టు "పుల్లమ్మా, ఆ పిల్లని నాకియ్యి" అని ముమ్మారు అడిగి, చేటెడు తవుడు పోసి, కన్న కూతుర్నే కొనుక్కుంది మా అమ్మమ్మ. ఎత్తినావిడ పేరే పిల్లకు పెట్టారు. ఆ ఎత్తినావిడ పిల్లకు ఏడాది నిండేదాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదు, పిల్లను ముట్టుకోలేదు. అదీ తంతులో భాగమే.

అమ్మ బతికింది. తర్వాత పుట్టిన ఇద్దరూ బతికారు. వాళ్ళకు మాత్రం శుభ్రంగా సత్యవతి, శివనాగరాజు అని పేర్లు పెట్టుకున్నారు. ఎంగిలాకు పేరు మోయడానికి అమ్మ ఒక్కతే దొరికిందన్నమాట.

అమ్మ చిన్నతనంలో ఆ ఒక్క వీధిలోనే నలుగురు పుల్లమ్మలు, ఇద్దరు పెంటమ్మలు ఉండేవాళ్ళట. పిచ్చమ్మలైతే ఇంటికొకరు. ఎన్ని కాన్పులు పోతే అన్ని పేర్లు. నేను పుట్టేనాటికి ఆసుపత్రి కాన్పులు, టీకాలు వచ్చాయి. పిల్లలు బతకడం మొదలయ్యాక ఆ పేర్లతో ఎవరికీ పనిలేకుండా పోయింది. నేను బడికెళ్ళేసరికి పుల్లమ్మ అంటే నవ్వులాట. "అగ్గిపుల్ల కూతురొచ్చింది", "పుల్లైసు కూతురొచ్చింది" అనేవాళ్ళు. ఒకదాని చెయ్యి కొరికాను కూడా. హైస్కూలు దాటేదాకా ఇంటికొచ్చి అమ్మ మీద పడేదాన్ని.

"ఏం పేరమ్మా అది! మార్చుకోకూడదా?"

"మార్చుకుంటే తెనాల్లో నా చీరలెవరు కొంటారే?" అనేది అమ్మ. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆ నిమ్మకు నీరెత్తినట్టుండటం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అవును, అమ్మ చీరలు అమ్మేది. మాది బాపట్లలో నేతపని చేసే ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చుంటే అమ్మ కండెలు చుట్టేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్నకు చూపు మందగించి పోగులు కనపడటం మానేశాయి. నాన్న మగ్గం దిగాడు, అమ్మ మూట ఎత్తుకుంది. పొద్దున్నే ప్యాసింజరెక్కి మంగళవారం తెనాలి, గురువారం రేపల్లె, శనివారం కొలకలూరు, చుండూరు. చీర మడత విప్పి తన భుజం మీదే వేసుకుని చూపించేది. "ఇది మొదటిసారి రంగు దిగుద్దమ్మా, ఉప్పునీళ్ళలో నానెయ్యి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు," అని ముందే చెప్పేది. అలా చెప్పి చీరలమ్మేవాళ్ళను నేనింకెక్కడా చూడలేదు. ఇరవై ఏళ్ళలో ఆ ఊళ్ళన్నిటికీ ఆవిడ చీరల పుల్లమ్మ. పండగొచ్చినా పెళ్ళొచ్చినా ఆడవాళ్ళు అంగడికి వెళ్ళకుండా ఆవిడ కోసం కూర్చునేవాళ్ళు.

ఆ మూట మీద చదువుకున్నాను నేను. బి.ఇడి. చేసి తెనాలి బళ్ళో చేరాను. చేరిన కొత్తలో స్టాఫ్‌రూములో ఎవరో "మీ అమ్మగారి పేరేంటండి?" అన్నారు. "పద్మావతి," అనేశాను. పద్మావతే ఎందుకంటే, ఎదురుగా గోడ మీది క్యాలెండరులో అమ్మవారి బొమ్మ ఉంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూము గుమ్మంలో "చీరలమ్మా, చీరలు" అని వినపడింది. తలెత్తితే అమ్మ. నేను తెనాల్లో ఏదో బళ్ళో పనిచేస్తున్నానని తెలుసుగానీ, అది ఈ బడేనని ఆవిడకు తెలియదు. నా తోటి టీచర్లు లోపలికి పిలిచారు. నేను తల వంచుకుని పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. అమ్మ అందరికీ చూపించి, నా బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"టీచరుగారూ, మీకు నీలం బాగుంటదండి," అంది.

"వద్దండి," అన్నాను.

"సరేనండి," అని మూట కట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం నేను బాపట్ల ఇంటికి చేరేసరికి వంటింట్లో ఉంది. "వంకాయ చేయనా, దొండకాయ చేయనా?" అంది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియక అన్నం తినకుండా పడుకున్నాను.

రెండువేల ఒకటి మేలో నా పెళ్ళి. తెనాలి సంబంధం. ఆయన పేరు మార్కండేయ, బట్టల షాపులో పనిచేస్తారు. పెళ్ళికి నెల ముందు అమ్మకు మోకాలు వాచి మంచం దిగలేకపోయింది. తను చీరలేసే ఇళ్ళు నలభై పేరుపేరునా చెప్పి, "వీళ్ళందరికీ కార్డులు పంపవే, నన్ను బతికించినవాళ్ళు," అంది. నేనే అడ్రసులు రాసి పోస్టులో వేశాను. కార్డులో "శ్రీమతి పద్మావతి, శ్రీ నరసింహం దంపతుల కుమార్తె" అని వేయించాను. బళ్ళో అందరూ వస్తారు కదా మరి.

అమ్మకు చదవడం రాదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు పక్కింటావిడ కార్డు చదివి వినిపించింది.

"పద్మావతి ఎవరే?" అంది అమ్మ.

"నువ్వే."

"నేనా?" అంది. కాసేపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిలే," అని మళ్ళీ నా చేతికిచ్చేసింది.

పెళ్ళిపందిట్లో అమ్మ ఒళ్ళో ఒక సంచి పెట్టుకుని మాటిమాటికీ గేటు వైపు చూస్తూ కూర్చుంది. "ఎవరికోసమమ్మా?" అంటే, "ఏం లేదులే" అంది. పీటల మీదున్నదాన్ని, నేనూ పట్టించుకోలేదు. ఎవరి కోసం పేరు మార్చి వేయించానో ఆ బడివాళ్ళు మాత్రం ఎండాకాలం సెలవులని ఒక్కరూ రాలేదు.

ఇక నా గొడవకొస్తాను. రెండువేల మూడులో బాబు పుట్టాడు. ఆయుష్ అని పుట్టకముందే పేరు ఎంచి పెట్టుకున్నాం. తొమ్మిది రోజులున్నాడు. మరుసటేడు ఇంకో బాబు. వాడికి పేరు పెట్టే వ్యవధి కూడా లేదు. రెండుసార్లూ పాలు గడ్డకట్టి జ్వరమొచ్చి పడుంటే, వచ్చినవాళ్ళల్లా "దేవుడి దయ ఉంటే మళ్ళీ పుడతారులే," అని చెప్పి కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళందరినీ చీపురు తిరగేసి కొట్టాలనిపించేది.

రెండువేల ఐదు చివర్లో మూడోసారి నిలిచింది. డాక్టరమ్మ రాసిన మందు ఒక్కటి మానలేదు, చెప్పిన ఇంజక్షన్ ఒక్కటి తప్పలేదు. అయినా ఏడో నెల వచ్చేసరికి నాకు నిద్రలో కూడా ఎంగిలాకుల కుప్పే కనిపించేది. బి.ఏ., బి.ఇడి.! మూఢనమ్మకాల మీద పిల్లలకు పాఠం చెప్పిన నోరు ఇది. చెప్పండి, చెప్పినవాళ్ళు ఇద్దర్ని పోగొట్టుకుని అప్పుడు చెప్పండి. ఈ పిల్ల బతకాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆయనతో అంటే, "రెండువేల ఆరులో పుల్లమ్మా? ఆడపిల్లయితే లాస్య అనుకున్నాం కదా, ఉమా," అని బస్టాండులో కొన్న పేర్ల పుస్తకం తీశారు. మా అత్తగారు వెంకటరత్నమ్మ ఆ పుస్తకం లాక్కుని అలమరపైన పడేసింది. "పేరుదేముందిరా, పిల్ల నిలవాలిగానీ! ముందు మీ అమ్మని అడిగిరా, ఉమా," అంది నాతో.

బాపట్ల వెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చీరల మడతలు సరిచేస్తోంది. చెప్పాను. నా పిల్లను నువ్వే ఎత్తాలమ్మా, నీ పేరే పెడతానమ్మా అన్నాను. అమ్మ చేస్తున్న పని ఆపలేదు.

"నేను ఎత్తను," అంది.

"ఏంటమ్మా?"

"నా పేరు నీ పెళ్ళి కార్డుకి పనికిరాలేదుగా? ఇప్పుడెందుకు పనికొచ్చిందే? వెళ్ళి ఆ పద్మావతిని అడుగు."

పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నన్ను ఒక్క మాటనడం అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిందిపోయి నాకు రోషం పొడుచుకొచ్చింది. లోకంలో నువ్వొక్కదానివే పుల్లమ్మవా, ఇంకోర్ని వెతుక్కుంటాను పో అని ఆ ఎండలోనే వచ్చేశాను.

వెతకడం మొదలెట్టాక తెలిసింది. ఒకప్పుడు వీధికి నలుగురున్న పుల్లమ్మలు మూడు ఊళ్ళు గాలించినా ఒక్కతి దొరకదు.

ముందు రేపల్లె వెళ్ళాను. అమ్మమ్మ వాళ్ళ వీధిలో ఒక పుల్లమ్మ మిగిలి ఉందన్నారు. వెళ్తే నులకమంచం మీద పండుముసలావిడ కూర్చునుంది.

"పుల్లమ్మగారున్నారా అండి?"

"పుల్లమ్మా? ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరమ్మా. నా పేరు పుష్పవల్లి," అంది ఆవిడ మొహం తిప్పుకుని.

కోడలు నన్ను పక్కకు లాగి, "ఆవిడేనండి. మా ఆయన వాళ్ళు రేషన్ కార్డులో మార్పించారు. ఆ పేరెత్తితే ఊరుకోదు," అంది గుసగుసగా. ఎవర్ని తిట్టను? ఆ కొడుకుల్ని తిడదామంటే నేను చేసిందీ అదేగా.

"పోనీ చీరల పుల్లమ్మ ఉందిగా, ప్రతి గురువారం వస్తది. ఆవిణ్ణి అడక్కపోయారా?" అంది కోడలు.

కొలకలూరు వెళ్ళాను. కృపమ్మ అని ఒకావిడ, "మా వదినేనమ్మా పుల్లమ్మంటే. పోయిన క్రిస్మస్‌కి ముందు కాలం చేసింది," అని నా కడుపు చూసి జాలిపడి మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు దించేలోపే, "చీరల పుల్లమ్మ తెలుసా నీకు? మంచి మనిషి, కాదనదు," అంది.

నెత్తి బాదుకోవాలనిపించింది. పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు, ఏడో నెల కడుపేసుకుని ఎర్రటెండలో ఊళ్ళు తిరిగి నేను తెచ్చుకున్నది మా అమ్మ అడ్రసు!

ఆఖరికి తెనాల్లో మా బడి వెనకవీధి ఫాతిమా దగ్గరికెళ్ళాను. జాకెట్లు కుడుతుంది, ఊళ్ళో ఆడవాళ్ళందరూ తెలుసు ఆవిడకు. నేను ఎవరి కూతుర్నో మాత్రం తెలియదు.

"పుల్లమ్మక్కా? మంగళవారం మంగళవారం ఇక్కడే కూర్చుంటదిగా," అంది మిషను తొక్కుతూనే. "మీకు తెలీదేమో టీచరమ్మా, అలాంటి మనిషి ఉండదు. వాళ్ళమ్మాయి పెళ్ళికి మాకు పిలుపు రాలేదని మేమంతా అలిగాం. ఎవరిదో పద్మావతిగారి కార్డొచ్చింది, మనకు తెలిసినవాళ్ళెవరూ లేరని పక్కన పడేశాం. తీరా చూస్తే అదే ఆవిడ కూతురి పెళ్ళంట! నలభై ఇళ్ళవాళ్ళకి నలభై జాకెట్టు ముక్కలు కొని, పందిట్లో సంచి పట్టుకుని కూర్చుందంట పాపం. ఒక్కళ్ళం పోలేదు. మోకాలు తగ్గాక ఇంటింటికీ తిరిగి ఆ ముక్కలిచ్చింది. 'ఏంటక్కా, నీ పేరెందుకు వెయ్యలేదు?' అంటే, 'అచ్చువేసేవాడు పొరబడ్డాడులే' అంది."

మిషను ఆపి నావైపు చూసి, "అయ్యో, ఏమైంది టీచరమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది ఫాతిమా.

ఆ సాయంత్రమే మళ్ళీ బాపట్ల రైలెక్కాను. అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. జాకెట్టు ముక్కల సంగతి తెలిసిందమ్మా అన్నాను. నన్ను చెప్పుతో కొట్టమ్మా అన్నాను.

"ఛీ, లే. కడుపుతో ఉండి నేల మీద కూర్చోకు," అంది అమ్మ. నన్ను మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తర్వాత అంది, "అది కోపంలో అన్నమాటలే. కార్డు గురించి కాదే నేను వద్దంది. నేను ఎత్తితే ఏడాదిదాకా ఆ గడప తొక్కకూడదు, తెలుసుగా? నీకు ఇద్దరు పోయారు. ఇద్దర్నీ ఎత్తుకున్నాను నేను. ఈసారి పుట్టినదానికి నీళ్ళు పోయాలని, నూనె రాయాలని, ఒళ్ళో పడుకోబెట్టుకోవాలని నాకుండదా? ఇంకో పుల్లమ్మ ఎవరైనా దొరికితే ఆవిడ ఎత్తుద్ది, నేను అమ్మమ్మనై ఇంట్లో ఉంటాననుకున్నాను. అందుకే నువ్వు వెతుక్కుంటానని పోతుంటే ఆపలేదు."

"దొరకలేదమ్మా," అన్నాను.

"తెలుసు," అంది అమ్మ. "ఎవరున్నారులే ఇంక."

జులైలో పాప పుట్టింది. ఇరవయ్యొకటో రోజు తెనాల్లో మా ఇంట్లో బారసాల. నాన్న ముందురోజే వచ్చాడు, అమ్మ రాలేదు. మా ఆయన భోజనాలు పురమాయించిన కేటరింగువాడు అరటాకు బొమ్మ అచ్చువేసిన కాయితాలు తెచ్చాడు. "కాయితం ఎంగిలికి యముడు భయపడతాడంట్రా?" అని మా అత్తగారు వాడి మీద విరుచుకుపడి, అప్పటికప్పుడు నిజం ఆకులు తెప్పించింది. బడి నుంచి హెడ్‌మాస్టరు నరసింహారావుగారు, టీచర్లందరూ వచ్చారు. తిన్న ఆకులు పెరట్లో కుప్ప వేశారు. పెరటి దోవన మూట భుజానేసుకుని అమ్మ వచ్చింది. నా మొహం చూడలేదు. పిల్లను ఆకుల మీద ముమ్మారు దొర్లించి, చేటలో వేసుకుని, సందులోంచి చుట్టూ తిరిగి వీధి గుమ్మం ముందుకొచ్చింది. చినుకులు పడుతున్నాయి. కొంగు పిల్ల మీద కప్పింది.

"పిల్లనమ్ముతామమ్మా, పిల్లా! కొంటారా?" చీరల కేకే అది.

నేను తవుడు చేట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వెనక బడి మొత్తం ఉంది.

"పుల్లమ్మా," అన్నాను. ముప్పై మూడేళ్ళలో ఆ పేరు నేను గట్టిగా అన్నది అదే మొదలు. "ఆ పిల్లని నాకియ్యి."

"వినపళ్ళేదండి."

"పుల్లమ్మా! ఆ పిల్లని నాకియ్యి!"

"ఇంకా గట్టిగా అనండి టీచరుగారూ. పైవాడికి చెవుడు."

"పుల్లమ్మా!" అని అరిచాను. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. తవుడు పోశాను. అమ్మ పిల్లను నా చేతుల్లో పెట్టింది. పెట్టాక ఒక వేలు పాప పాదానికి తగిలితే చటుక్కున వెనక్కి తీసుకుంది. మూట సర్దుకుని వానలో వెళ్ళిపోయింది.

"మన స్టాఫ్‌రూముకొచ్చే చీరలావిడ కదమ్మా? మంచి పనే చేసింది," అన్నారు హెడ్‌మాస్టరుగారు. "మరి మీ అమ్మగారు, పద్మావతిగారు, కనపడరేం?"

ఆ వెళ్ళేదే మా అమ్మ అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పకూడదు. చెబితే చుట్టరికం బయటపడుతుంది, పిల్ల నాకు దక్కదు. చెప్పదలచుకోనప్పుడల్లా చెప్పే వీలుంది, చెప్పి తీరాలనుకున్న రోజున నోరు కట్టేశారు! "ఒంట్లో బాగాలేదండి సార్," అని పళ్ళు కొరుక్కుంటూ లోపలికెళ్ళాను.

మున్సిపాలిటీలో పాప పేరు పుల్లమ్మ అనే రాయించాను. గుమస్తా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావయ్యా అని నిలబెట్టి అడిగితే దించిన తల ఎత్తలేదు. మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగోరోజు ఆయనే పుల్లీ పుల్లీ అని ఎత్తుకున్నారు.

అమ్మ ప్రతి మంగళవారం మా వీధికి వచ్చేది. ఎదురింటి అరుగు మీద మూట దించుకుని కూర్చునేది. నేను పాపను వరండాలోకి తెచ్చి నిలబడేదాన్ని. మధ్యలో రోడ్డు.

"టీచరుగారూ, పాప బాగుందాండి?"

"బాగుందండి పుల్లమ్మగారూ. నిన్న బోర్లా పడిందండి."

"జలుబు తగ్గిందాండి?"

"తగ్గిందండి."

ఆ ఏడాదంతా ఇదే. పాప పాకింది, నిలబడింది, పళ్ళొచ్చాయి. అన్నీ అమ్మ రోడ్డవతల నుంచే చూసింది. ఒకసారి పాప ఆవిడ వైపు చేతులు చాపి గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ గబగబా మూట కట్టుకుని, అమ్మాల్సిన ఇల్లు కూడా వదిలేసి వెళ్ళిపోయింది. ఆ యముణ్ణి తిట్టానో, ఆ తంతు పెట్టినవాణ్ణి తిట్టానో, నన్నే తిట్టుకున్నానో. రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను.

ఏడాది నిండింది. పుట్టినరోజు కార్డు వేయించాను. "చి. పుల్లమ్మ ప్రథమ జన్మదినం. అమ్మమ్మ: శ్రీమతి పుల్లమ్మ, చీరల వ్యాపారం, బాపట్ల" అని వేయించాను. ఈసారి పోస్టులో వేయలేదు. ఆ నలభై ఇళ్ళకూ నేనే ఊరూరా తిరిగి, "చీరల పుల్లమ్మ కూతుర్నండి," అని చెప్పి ఇచ్చాను. ఫాతిమా నన్ను ఎగాదిగా చూసి, "ఆ రోజు కళ్ళు తిరిగింది ఇందుకా?" అంది. నా చెవి మెలిపెట్టింది కూడా. పడ్డాను.

వచ్చారండీ అందరూ. కృపమ్మ కొలకలూరు నుంచి నలుగుర్ని వెంటేసుకుని వచ్చింది. చాలక పక్కింట్లో కుర్చీలడిగి తెచ్చాం. హెడ్‌మాస్టరుగారు కార్డు చేతిలో పట్టుకుని ముందువరసలో కూర్చున్నారు.

అమ్మ మూట భుజాన వేసుకునే వచ్చింది. గుమ్మం ముందుకొచ్చి అలవాటుగా ఆగిపోయింది.

"అమ్మా," అన్నాను. "లోపలికి రా."

కుడికాలు గడపలో పెట్టి ఒక్క క్షణం ఆగి, లోపలికొచ్చింది. పాపను ఇచ్చాను. ఒళ్ళో పడేసుకుని, పాదాలు, వేళ్ళు, చెవులు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. మంగళవారాలు చూసిన మొహమే కదా, పాప కొత్త లేకుండా ఆవిడ ముక్కుపుడక పట్టుకుంది.

హెడ్‌మాస్టరుగారు వంగి నాతో మెల్లగా, "అయితే పద్మావతిగారంటే..." అన్నారు.

"అలాంటివాళ్ళెవరూ లేరండి సార్," అన్నాను. "మా అమ్మ ఈవిడ."

అమ్మ విన్నదో లేదో తల ఎత్తలేదు. ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో మూట ముడి విప్పింది. అన్నిటికంటే అడుగున, మడత నలగకుండా దాచిన నీలం రంగు జాకెట్టు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"నీ పెళ్ళప్పుడు నలభై ఒకటి కొన్నానే. ఒకటి ఆ కార్డులో పేరున్న పద్మావతిగారికి. వస్తే పెడదామని ఇన్నేళ్ళు మూటలోనే తిప్పాను. ఆవిడింక రాదుగానీ, పిల్లకి గౌను కుట్టించు."